చేపలు తినే బాతుకి వడ్లు ఎందుకు పెడతారు?

వేదిక మీది పెద్దలకు, బరంపురం తెలుగు కుటుంబాలకు, గోపాల్‌పూర్ నుంచి వచ్చిన వాడబలిజ, జాలరి అన్నదమ్ములకు నమస్కారం. గ్రంథాలయ వార్షికోత్సవం కదా, పుస్తకాల గురించి మాట్లాడమన్నారు. నేను బాతుల గురించి మాట్లాడతాను. చలికాలం వచ్చేస్తోంది, ఈ మాట ఇప్పుడే చెప్పాలి.

"చిలికా సరస్సుకి వచ్చే బాతులు మన చేపలన్నీ తినేస్తున్నాయి." ఎక్కడ నలుగురు కూర్చున్నా ఇదే మాట.

చేపల మీదే బతికే బాతులు నిజంగా ఉన్నాయి. మెర్గాన్సర్లు అంటారు. ఆ జాతిలో పెద్దది చలికాలంలో మన దేశానికీ వస్తుంది, కానీ ఎక్కువగా హిమాలయాల దిగువ నదుల్లో ఉంటుంది. దాని ముక్కు చూడండి చాలు. మామూలు బాతు ముక్కులా చదునుగా ఉండదు. సన్నగా, ఎర్రగా, కొస కిందికి వంగి ఉంటుంది. అంచుల పొడవునా లోపలికి వాలిన రంపం పళ్లు. ఎంత జారుడు చేపైనా చిక్కితే ఇక వదలదు. ముందు తల ముంచి నీళ్లలో వెతుకుతుంది, చేప కనబడ్డాకే మునుగుతుంది. కాళ్లు బాగా వెనకగా ఉంటాయి కాబట్టి నీళ్లలో దూసుకుపోతుంది, నేల మీద తడబడుతుంది. ఎగరాలంటే నీటి మీద కొంత దూరం పరుగెత్తాల్సిందే. గుడ్లు పెట్టేది చెట్టు తొర్రలో. పుట్టిన ఒకటి రెండు రోజులకే పిల్లలు అంత ఎత్తు నుంచీ కిందికి దూకేస్తాయి.

మరి మన చిలికాలో గుంపులుగా కనబడేవి? సూదితోక బాతులు, గాడ్వాల్‌లు. వాటి తిండి ముఖ్యంగా నాచు, గడ్డి గింజలు. ఎర్రముక్కు పోచార్డ్ అనే బాతు మునుగుతుంది, నిజమే, అదీ నీటి మొక్కల కోసమే. నీటికాకి చేపలు తింటుంది, కానీ అది బాతు కాదు.

చిలికా ఒడ్డున రంభ ఊరి దగ్గర ఒక చేపల చెరువు యజమాని చచ్చిన సూదితోక బాతుని నా చేతిలో పెట్టి, "కోసి చూడండి మాస్టారూ, కడుపు నిండా మా చేపపిల్లలే" అన్నాడు. గట్టు మీదే కోశాం. కందనకాయ చీలిస్తే ఇసుక, నల్లటి గింజలు. ఒక్క పొలుసు లేదు. ఆయన వేలితో మళ్లీ మళ్లీ కెలికి చూశాడు. పక్కనే గట్టు వెంట విషపు మందు కలిపిన వడ్లు చల్లి ఉన్నాయి.

చేపలు తినే బాతుకి వడ్లు ఎందుకండీ? ఎవరైనా చెప్పండి! మాంసం కోసం. అమ్మా, మీ వీధిలోకి సంచిలో వచ్చేది ఆ మందు తిన్న మాంసమే. దయచేసి కొనకండి. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

చేపలు తగ్గాయన్న బాధ నాకు తెలుసు. కానీ 2000 సెప్టెంబరులో చిలికాకి సముద్రంలోకి కొత్త ముఖద్వారం తెరిచాక దిగుబడి ఎంత పెరిగిందో ఇక్కడున్న పెద్దలు కళ్లారా చూశారు. బాతులు అంతకు ముందూ వచ్చాయి, ఆ తర్వాతా వచ్చాయి. పూడిక గురించి అడగండి. సరస్సులో అడ్డుకట్టి రొయ్యలు పెంచే ఘేరీల గురించి, చేపపిల్లల్ని కూడా ఊడ్చేసే దోమతెర వలల గురించి అడగండి. బాతు మీదికి నెట్టకండి.

వచ్చే నెల పిల్లల్ని రంభకి తీసుకెళ్తున్నాం. పేర్లు బయట బల్ల దగ్గర రాయించండి. దుర్భిణీలు ఉన్నవాళ్లు తప్పకుండా తెండి, మా దగ్గర చాలవు.