టార్గెట్ రైఫిల్‌కి కొత్త ట్రిగ్గర్: గ్రాముల లెక్క కంటే ముందు చూడాల్సినవి

[తెర మీద: బల్ల పైన టార్గెట్ రైఫిల్, పక్కన విడిగా తీసిన బోల్ట్ (తూటా వెనక మూసే ఉక్కు కడ్డీ). చాంబర్‌లో, అంటే తూటా కూర్చునే చోట, నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్.]

నమస్తే. బల్లార్షా, చంద్రపూర్, రాజురా వైపు మన తెలుగు పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: "అన్నా, ఎన్ని గ్రాముల ట్రిగ్గర్ వేయించుకోవాలి?" అంటే ట్రిగ్గర్ వదలడానికి వేలితో ఎంత బరువు లాగాలి అని. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కొల్హాపూర్ జిల్లా షూటర్ స్వప్నిల్ కుసాళే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే పోటీలో) కాంస్యం గెలిచాక ఈ ప్రశ్న ఇంకా పెరిగింది. గ్రాముల సంగతి తర్వాత చూద్దాం. ముందు లోపల ఏం జరుగుతుందో చూడండి.

[క్లోజప్: ట్రిగ్గర్ యూనిట్]

బోల్ట్ తెరిచి మూసేసరికి, తూటాని కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ బిగుసుకుని ఉంటుంది. ఆ పిన్‌ని వదలకుండా పట్టి ఉంచే చిన్న ఉక్కు ముక్క సియర్. వేలు నొక్కితే దాని అంచు జారుతుంది, పిన్ ముందుకు దూకుతుంది. అంచు జారేముందు వేలికి తెలిసే ఈడ్పు పేరు క్రీప్. పిన్ వదిలాక కూడా వేలు వెనక్కి పోతూ ఉంటే అది ఓవర్ ట్రావెల్. బుల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే వేలు గన్నుని కదిపేస్తుంది కాబట్టి ఈ రెండోదే నాకు ఎక్కువ టెన్షన్.

సింగిల్ స్టేజా, టూ స్టేజా? టూ స్టేజ్ బైక్ క్లచ్ లాంటిది: మొదట కొంత ఖాళీ ఆట, తర్వాత పట్టు తగిలే చోటు. సింగిల్ స్టేజ్‌లో ఆ ఖాళీ ఆట ఉండదు. ఆ పట్టు దగ్గర ఆగి, శ్వాస నిలిపి, గురి కుదిరాక మిగతా కొంచెం నొక్కుతారు. ప్రోన్‌కీ (బోర్లా పడుకుని కాల్చే పోటీకి) త్రీ పొజిషన్స్‌కీ నేను టూ స్టేజే తీసుకోమంటాను. సింగిల్ స్టేజ్ ఇష్టపడే మంచి షూటర్లు ఉన్నారు, కాదనను. కానీ నిలబడి కాల్చేటప్పుడు గన్ను ఊగుతూనే ఉంటుంది. వేలు ముందే పట్టు దాకా చేరి ఉంటే, ఎప్పుడు వదలాలో మన చేతిలో ఉంటుంది.

[తెర మీద: ట్రిగ్గర్ బరువు కొలిచే గేజ్]

ఇప్పుడు గ్రాములు. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నిబంధనల్లో 50 మీటర్ల రైఫిల్‌కి కనీస ట్రిగ్గర్ బరువు అంటూ లేదు. 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కి మాత్రం కనీసం 1500 గ్రాములు ఉండాలి. పరిమితి లేదు కదా అని 50 గ్రాములకి దించేస్తారు కొందరు. వేలు తాకీ తాకకముందే గుండు వెళ్లిపోతుంది, తర్వాత తప్పు స్టాక్ (భుజానికి ఆనించే కట్టె భాగం) మీదకో, తూటాల మీదకో నెట్టేస్తారు! గేజ్‌తో పదిసార్లు లాగి చూడండి, ప్రతిసారీ వచ్చిన అంకె రాసుకోండి. సగటు ఎంత అన్నది కాదు, అంకెలు ఎంత చెదిరాయో చూడండి. 150 దగ్గర పెట్టింది ప్రతిసారీ 150కి అటూ ఇటూగా వస్తే అది మంచి ట్రిగ్గర్. 90 అని పెట్టాక ఒకసారి 60, ఒకసారి 120 వస్తుంటే దాని పేరు ఎంత పెద్దదైనా నాకు వద్దు.

తర్వాత, మీ యాక్షన్‌కి, అంటే బోల్ట్, ట్రిగ్గర్ కూర్చునే రైఫిల్ నడిమి భాగానికి, ఏది సరిపోతుందో చూసుకోవాలి. ఆన్‌షుట్జ్ కంపెనీ 54 యాక్షన్‌కి వచ్చే 5018 టూ స్టేజ్ ట్రిగ్గర్‌కి మంచి పేరుంది. అది 64 యాక్షన్‌కి బిగదు. రెమింగ్టన్ 700 కొలతలకి టిమ్నీ, ట్రిగర్‌టెక్ లాంటి చాలా కంపెనీలు ట్రిగ్గర్లు చేస్తాయి. ఆ కొలతలు సీజెడ్ 457 రైఫిల్‌కి పనికిరావు. కంపెనీ పేరు కంటే ముందు మీ రైఫిల్ మోడల్, యాక్షన్ రాసి పెట్టుకోండి.

రెమింగ్టన్ 700 అన్నాను కాబట్టి ఒక విషయం. 2006 మే నుంచి 2014 ఏప్రిల్ దాకా తయారైన రైఫిల్స్‌లో పెట్టిన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లను ఆ కంపెనీయే వెనక్కి పిలిచింది. బిగింపులో వాడిన జిగురు పదార్థం ఎక్కువై, వేలు పెట్టకుండానే పేలే ప్రమాదం ఉందని తేలింది. అంత పెద్ద కంపెనీకే అలా అయింది. అందుకే ఇంట్లో సియర్‌ని ఆకురాయితో గీకి ట్రిగ్గర్‌ని 'మెత్తగా' చేసే మహానుభావులకి దండం పెట్టి దూరంగా ఉంటాను.

[తెర మీద: ఖాళీ చాంబర్, తర్వాత సేఫ్టీ]

కొత్తది బిగించాక పరీక్ష ఇలా. చాంబర్ ఖాళీగా ఉందని కంటితో, వేలితో చూడండి. బోల్ట్‌ని గట్టిగా మూయండి, పిన్ పడకూడదు. సేఫ్టీ ఉంటే వేసి ట్రిగ్గర్ నొక్కి వదలండి. ఆ తర్వాత సేఫ్టీ తీయండి, అప్పుడూ పడకూడదు. రబ్బరు సుత్తితో స్టాక్ మీద తట్టండి, అప్పుడు కూడా పడకూడదు. ఒక్కసారి పడినా సర్దుబాటు బిగించాల్సిందే. రిమ్‌ఫైర్ (తూటా అంచు మీద పిన్ కొట్టే రకం) అయితే ఖాళీ చాంబర్ మీద పదేపదే పిన్ కొట్టకండి, డమ్మీ తూటా వాడండి.

చంద్రపూర్ సంగతి వేరే చెప్పాలా? బొగ్గు దుమ్ము, మే నెల ఎండ. ట్రిగ్గర్ లోపల నూనె ఎక్కువైతే దుమ్ముతో కలిసి జిగటగా తయారవుతుంది, బరువు మారిపోతుంది. తుడిచి, పొడిగా ఉంచండి. బ్యారెల్ పైకి పెట్టి నిలబెడితే బోల్ట్ మీది నూనె ట్రిగ్గర్‌లోకే దిగుతుంది. చెమట పట్టే వేలికి గాట్లున్న ట్రిగ్గర్ రేకు పట్టు ఇస్తుంది. ఆ రేకుని ముందుకీ వెనక్కీ జరుపుకునే వీలుంటే ఇంకా మంచిది.

ఇక కాగితాలు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ భాగాలు కూడా తుపాకీ కిందే లెక్క. విదేశీ వెబ్‌సైట్‌లో ట్రిగ్గర్ ఆర్డర్ పెట్టి పోస్టులో తెప్పించుకోవడం ఫోన్ కవర్ తెప్పించుకోవడం కాదు. లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే వెళ్లండి, బిగింపు పని కూడా ఆ లైసెన్స్ ఉన్నవారితోనే చేయించండి. మీరు కాల్చేది క్లబ్బు రైఫిల్ అయితే స్క్రూడ్రైవర్ ముట్టకండి. కోచ్‌ని అడిగి, ఇప్పుడున్న ట్రిగ్గర్‌నే సెట్ చేయించుకోండి. చాలామందికి అదే సరిపోతుంది, కొత్తది కొనే డబ్బుతో తూటాలు వస్తాయి.

ఒకవేళ మార్చారే అనుకోండి, స్టాక్ విప్పి మళ్లీ బిగిస్తారు కదా, గురి జరుగుతుంది. యాక్షన్ స్క్రూలని పాత బిగువుకే, టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే పానాతో) బిగించండి. మ్యాచ్‌కి వెళ్లేముందు రేంజ్‌లో జీరో, అంటే గురి పెట్టిన చోటే గుండు తగులుతోందా అన్నది, మళ్లీ చూసుకోండి.