మార్చి వాన ఎన్ని మిల్లీమీటర్లు?

సభకు నమస్కారం. శాలువాలు అయిపోయాయి కాబట్టి నేరుగా తోటలోకి పోదాం. మన్యం కాఫీ దిగుబడి మీద వాతావరణ ప్రభావం అని అంశం ఇచ్చారు. ఏడాది మొత్తం వర్షపాతం పట్టికలు సంచిలో ఉన్నాయి, తియ్యను. కాఫీ మొక్కకి ఆ మొత్తంతో పెద్ద పనిలేదు. మార్చి, ఏప్రిల్‌లో వేళకి పడే రెండు వానలే కాపుని తేలుస్తాయి.

అరబికా రకం కాఫీ మొగ్గలు చలికాలంలో కణుపుల దగ్గర కట్టి, పొడి రోజుల్లో నిద్రపోతాయి. ఆ నిద్ర చెడగూడదు. మధ్యలో జల్లులు పడితే పూత విడతలుగా వస్తుంది, పండు ఒక్కసారి పండదు, కోత కూలి పెరుగుతుంది. అదే ఒక్కపెట్టున 25 నుంచి 40 మిల్లీమీటర్లు కురిస్తే, ఎనిమిది పది రోజులకి తోటంతా మల్లెపందిరే. పది మిల్లీమీటర్లే పడిందనుకోండి? మొగ్గ ఉబ్బి, గులాబి రంగు తిరిగి, సగం విచ్చుకుని రాలిపోతుంది. "వాన పడింది గానీ కాపు లేదండీ" అంటారు. ఎన్ని మిల్లీమీటర్లు పడింది? ఆ ప్రశ్న ఎవరూ అడగరు!

గోడలు నిటారుగా ఉన్న రేకు డబ్బా ఒకటి చెట్టు నీడ పడని చోట, నేలకి కాస్త ఎత్తులో కదలకుండా పెట్టండి. పొద్దున్నే స్కేలు ముంచి చూసి, తేదీతో రాసి, నీళ్లు పారబోయండి. పూత వానకీ, రెండు మూడు వారాల్లో పిందె నిలబెట్టే వానకీ మధ్య ఎన్ని రోజులో ఆ కాగితమే చెబుతుంది. రెండోది రాకపోతే, నీటి వసతి ఉన్నవాళ్లు తడి ఇవ్వాల్సింది అప్పుడే.

ఇక ఎండ సంగతి... కాదు, ముందు కాఫీకి నీడగా పెంచే సిల్వర్ ఓక్ చెట్ల సంగతి తేల్చాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఇక్కడ విశాఖలో తీరం దాటింది. మీకు బీచ్ రోడ్డు గుర్తొస్తుంది. మన్యంలో ఆ గాలికి సిల్వర్ ఓక్‌లు కాఫీ మీద పడ్డాయి. కోతకి నెల ముందు! కాయ పోవడం ఆ ఏటి నష్టం. నీడ పోవడం ఏళ్ల నష్టం, ఎందుకంటే ఎండ తగిలిన కాండాన్నే తెల్ల కాండం తొలుచు పురుగు వెతుక్కుంటుంది. మిరియం పాకడానికి నిటారు చెట్టు మంచిదే, ఒప్పుకుంటాను. కానీ తోటంతా అదే ఎందుకండీ? మధ్యలో పనస, నేరేడు వేస్తే ఏం పోయింది? మళ్లీ అడుగుతున్నాను, ఏం పోయింది?

టైము అయిందని చీటీ వచ్చింది. ఒక్క మాట, ఆకు తుప్పు తెగులు. ఆకు మీద తడి నిలిచే రోజుల్లో అడుగున నారింజ పొడి కనిపిస్తుంది. వానలకి ముందే అర శాతం బోర్డో మిశ్రమం ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. ప్లాస్టిక్ డ్రమ్ముల్లోనే కలపండి: అర కిలో మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, 50 లీటర్ల నీళ్లలో, అర కిలో సున్నం మరో 50 లీటర్లలో. రెండూ కలిపాక శుభ్రమైన ఇనుప కత్తి కాసేపు ముంచి తీయండి. కత్తికి ఎర్రటి రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదు, అలాగే కొడితే ఆకు మాడుతుంది. ఇంకాస్త సున్నపు తేట పోసి, కత్తి మళ్లీ ముంచండి. కలిపింది ఆ రోజే కొట్టెయ్యాలి.