భుజాన మోసుకెళ్లే ఆసుపత్రి

[బల్ల మీద కాగితం, కత్తెర, స్కేలు. చేతులు మాత్రమే కనిపిస్తాయి.]

మీ దగ్గర కాగితం ఉంటే ఒక పని చేయండి. 11.5 సెంటీమీటర్ల పొడవున సన్నటి పట్టీ కత్తిరించి, కొసలు రెండూ కలిపి వలయంలా పట్టుకోండి. అందులో ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. నాకు రెండు పట్టాయి. మూడోది దూర్చబోతే కాగితం చిరిగింది.

[చిరిగిన వలయం దగ్గరగా. పక్కన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల కొలత పట్టీ.]

ఆరు నెలలు నిండి అయిదేళ్లలోపున్న బిడ్డ దండచేయి (మోచేతికి పైభాగం) ఆ వలయం కంటే సన్నగా ఉందంటే, ఆ బిడ్డకు ప్రాణం మీదికి తెచ్చే పోషకాహార లోపం ఉన్నట్టు. యుద్ధం నడిచే ప్రాంతాలకు వెళ్లే ఆరోగ్య కార్యకర్తల సంచుల్లో ఈ రంగుల పట్టీ ఉంటుంది. 11.5 లోపు ఎరుపు, 12.5 దాకా పసుపు, ఆపైన ఆకుపచ్చ. తూకం యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, అంకెలు చదవడం కూడా రానక్కర్లేదు. ఈ మధ్య చాలాచోట్ల పట్టీని తల్లుల చేతికే ఇచ్చేస్తున్నారు. రోజూ ఎత్తుకునే చేయి చిక్కిపోతున్న సంగతి ఆమెకే కదా ముందు తెలిసేది!

ఇక మందు సంగతి. వేరుశెనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు కలిపి నింపిన 92 గ్రాముల పొట్లం అది. ఒక్కోదానిలో దాదాపు 500 కిలోక్యాలరీల శక్తి. మూల కత్తిరించి బిడ్డ నోట్లోకి పిండితే చాలు. నీళ్లు కలిపే పనే లేదు కాబట్టి, మురికి నీటితో వచ్చే విరేచనాల భయమూ లేదు.

[పటం. ఒక ఊరు. దారిలో కూలిన వంతెన, ఆ తర్వాత చెక్‌పోస్టు, ఆ తర్వాత ఖాళీ.]

యుద్ధరంగంలో వైద్యం అనగానే మనకు హెలికాప్టరు, పెద్ద గుడారం, ఆపరేషన్ బల్ల గుర్తొస్తాయి. అవీ ఉంటాయి. కానీ వంతెన కూలిపోయిన ఊరికి, మందుపాతరలు పాతిన దారికి ఆవలున్న ఊరికి గుడారం చేరదు. మనిషి మోయగలిగినదే చేరుతుంది. అందుకే ఈ రంగంలో పనిచేసినవాళ్లు ఏళ్ల తరబడి ఒకే లెక్కతో కుస్తీ పట్టారు: వైద్యాన్ని ఎంత చిన్నది చేయవచ్చు? ఎంత తక్కువ శిక్షణ ఉన్నవాళ్ల చేతుల్లో పెట్టవచ్చు?

[పాత నలుపు తెలుపు పటం: 1971, తూర్పు పాకిస్తాన్, పశ్చిమ బెంగాల్ సరిహద్దు. బన్‌గావ్ దగ్గర చుక్క.]

దీనికి గట్టి జవాబు దొరికింది ఒక శరణార్థి శిబిరంలో. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షల మంది సరిహద్దు దాటి వచ్చారు. బన్‌గావ్‌లో కలరా విరుచుకుపడింది. కలరా రోగి చనిపోయేది ఒంట్లో నీరు, లవణాలు కారిపోయి. అప్పట్లో అందరికీ తెలిసిన మందు నరంలోకి ఎక్కించే సెలైన్. అది నిండుకుంటోంది. సూది గుచ్చి ఎక్కించడం వచ్చినవాళ్లూ ఇద్దరే. రోగులు నేల మీద, ఆ నేల మీద వాంతులూ విరేచనాలూ.

అక్కడున్న వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఒక సాహసం చేశారు. గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కొలత ప్రకారం కలిపి, పొట్లాలు కట్టించి తెప్పించారు. వాటిని డ్రమ్ముల నీళ్లలో కలిపి, రోగుల వెంట వచ్చిన బంధువుల చేతికి కప్పులిచ్చి, తాగిస్తూ ఉండమన్నారు. గ్లూకోజు తోడుంటే పేగు ఉప్పును లోపలికి లాక్కుంటుంది, ఉప్పు వెంట నీరూ వెళుతుంది. ఈ సూత్రం ప్రయోగశాలల్లో అప్పటికే తెలుసు. అయితే డాక్టరు పక్కన లేకుండా, ఇంటివాళ్ల చేత, అంతమందికి తాగించవచ్చని నమ్మినవాళ్లు అరుదు. శిబిరంలో 30 శాతం దాకా ఉన్న మరణాలు, ఈ వైద్యం అందినవారిలో 3.6 శాతానికి దిగాయి.

ఇప్పుడు మందుల దుకాణంలో దొరికే ఓఆర్‌ఎస్ పొట్లం అదే. కొలతలు కొంత మారాయి. లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, ఇంకా రెండు లవణాలు. నన్ను అడిగితే ఆ కథలో అసలు మలుపు ఫార్ములా కాదు, బంధువు చేతిలోని కప్పు. నర్సు చేయాల్సిన పని అక్కకో, తండ్రికో దక్కింది. రోగికొకరు చొప్పున సిబ్బంది దొరికినట్టయింది.

[అడవి బాట. వరుసగా నడుస్తున్న ముగ్గురి వీపుల మీద సంచులు.]

మయన్మార్ తూర్పు కొండల్లో ఆ ఆలోచనకే కాళ్లొచ్చాయి. కరెన్, కరెన్నీ, మోన్ ప్రాంతాల్లో సైన్యానికీ సాయుధ దళాలకూ మధ్య నలిగి, ఊళ్లొదిలి అడవిలో తలదాచుకున్నవాళ్ల కోసం 1998లో బ్యాక్‌ప్యాక్ ఆరోగ్య కార్యకర్తల బృందాలు మొదలయ్యాయి. వీళ్లు బయటి దేశం నుంచి వచ్చినవాళ్లు కారు. అదే భాష, అవే కొండలు. సంచిలో మలేరియా పరీక్ష పట్టీలు, మాత్రలు, కట్టు గుడ్డలు, కాన్పు సామాను. వేలి నుంచి ఒక్క చుక్క రక్తం పట్టీ మీద వేస్తే ఇరవై నిమిషాల్లో మలేరియా ఉందో లేదో తేలిపోతుంది. ఊరి మంత్రసానులకు శుభ్రంగా కాన్పు చేయడం నేర్పి, సామాను వాళ్లకే ఇచ్చి వెళతారు. సైన్యం వస్తోందని తెలిస్తే ఊరితోపాటు వీళ్లూ పారిపోతారు. ఊరు మళ్లీ ఆగిన చోటే క్లినిక్ తెరుచుకుంటుంది.

[మంచు పెట్టె మూత తెరుచుకుంటుంది. తెల్లటి ఆవిరి.]

టీకాల దగ్గరికొచ్చేసరికి సంచి సరిపోదు. చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. వేడెక్కితే పాడవుతాయి, కొన్ని గడ్డకట్టినా పాడవుతాయి. 2018లో కాంగో తూర్పు ప్రాంతంలో ఎబోలా వచ్చినప్పుడు వాడిన టీకాను నిల్వ చేయాల్సింది మైనస్ 60 డిగ్రీల కంటే చల్లగా. అదీ సాయుధ ముఠాలు తిరిగే చోట! 2020 దాకా సాగిన ఆ పోరులో 3 లక్షల మందికి పైగా టీకా వేశారు. ఆ క్రమంలో ఆరోగ్య కార్యకర్తల మీద దాడులు జరిగాయి, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

చల్లదనానికి యంత్రం ఉంది. దారికి? దాన్ని తుపాకీ పట్టుకున్నవాణ్ణే అడగాలి.

[క్యాలెండరు. మూడు వేర్వేరు తేదీల చుట్టూ గుండ్రాలు.]

1985లో ఎల్ సాల్వడార్‌లో అంతర్యుద్ధం. ప్రభుత్వమూ గెరిల్లాలూ దేనికీ ఒప్పుకోని రోజులు. యూనిసెఫ్, కాథలిక్ చర్చి మధ్యవర్తిత్వంతో మూడు రోజులు కాల్పులు ఆపారు. వరుసగా మూడు రోజులు కాదు, వారాల ఎడంతో విడివిడిగా మూడు. ఎందుకంటే పోలియో టీకా మూడు మోతాదులు, ఒక్కో మోతాదుకీ మధ్య ఎడం ఉండాలి. యుద్ధం తన తేదీలను టీకా కార్డు చూసి దిద్దుకుంది! యుద్ధం ముగిసేదాకా ఏటేటా ఇదే ఏర్పాటు నడిచింది.

2024 ఆగస్టులో గాజాలో 25 ఏళ్ల తర్వాత తొలిసారి పోలియో బయటపడింది. పదేళ్లలోపు పిల్లలు దాదాపు 6 లక్షల 40 వేల మందికి చుక్కలు వేయాలని లెక్క కట్టారు. సెప్టెంబరు 1 నుంచి ప్రాంతాల వారీగా, రోజుకు కొన్ని గంటల చొప్పున దాడులు ఆపేలా ఒప్పందం కుదిరింది. గంట కొట్టేలోపు చుక్కలు వేసి తప్పుకోవాలి. కొన్ని వారాల ఎడంతో రెండో విడతకు మళ్లీ మొదటి నుంచీ అన్నీ మాట్లాడుకోవాలి.

[తెర నలుపు. ఆపై పాత పత్రం.]

గాయపడినవాడు ఏ పక్షంవాడైనా చికిత్స అందించాలి, చికిత్స చేసేవారి జోలికి పోకూడదు. ఈ మాట 1864 జెనీవా ఒప్పందంతో మొదలై 1949 నాటి ఒప్పందాల్లో స్థిరపడింది. 2016లో భద్రతా మండలి 2286వ తీర్మానంలో మళ్లీ చెప్పింది. మళ్లీ చెప్పాల్సి రావడంలోనే అంతా ఉంది. అంతకు ఏడు నెలల ముందు, 2015 అక్టోబరు 3న, అఫ్గానిస్తాన్‌లోని కుందూజ్‌లో సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ నడిపే ఆసుపత్రిపై అమెరికా విమానం దాడి చేసింది. 42 మంది చనిపోయారు. ఆ ఆసుపత్రి అక్షాంశ రేఖాంశాలను సంస్థ ముందే అందజేసింది.

[గిడ్డంగి. పెట్టెలను లారీ నుంచి దించుతున్న చేతులు.]

ఎంత చిన్నది చేసినా సంచిలో పట్టనివి ఉన్నాయి. అడ్డం తిరిగిన కాన్పు, ఆగని రక్తస్రావం, డయాలసిస్. వాటికి లారీలే కావాలి. 2018 మార్చి 5న సిరియాలో, ముట్టడిలో ఉన్న తూర్పు గూటాకు 46 లారీలు బయల్దేరాయి. తనిఖీలో ప్రభుత్వ అధికారులు వైద్య సామగ్రిలో దాదాపు 70 శాతం దింపేయించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. గాయాలకు వాడే పెట్టెలన్నీ పోయాయి. శస్త్రచికిత్స సామాను, డయాలసిస్ సామాను పోయాయి.

[అరచేతిలో చిన్న గాజు సీసా.]

ఇన్సులిన్ కూడా పోయింది. చొక్కా జేబులో పట్టే సీసా.

మిగిలినవాటితో లారీలు లోపలికి వెళ్లాయి. దించుతుండగానే షెల్స్ పడటంతో కొన్ని సరుకు పూర్తిగా దించకుండానే వెనక్కి వచ్చేశాయి. నాలుగు రోజుల తర్వాత మరో 13 లారీలు వెళ్లాయి, ఆహార పొట్లాలతో.

[సీసా మీదే తెర ఆగుతుంది.]