ఊరేగింపు లేని రెండు వారాలు

శ్రోతలకు నమస్కారం. అమెరికా బడిలో బ్యాండు వాయించే మా మనవరాలి శీతాకాలపు సెలవుల గురించి ఇవాళ నాలుగు మాటలు.

బ్యాండు అనగానే మనకు పెళ్ళి ఊరేగింపు గుర్తుకొస్తుంది. ఎర్ర కోట్లు, బుజాల మీద జరీ కుచ్చులు, వెనకాల పెళ్ళికొడుకు కారు. అమెరికా హైస్కూళ్ళలో మార్చింగ్ బ్యాండు పిల్లలు కూడా కోటూ టోపీ వరకూ ఇంచుమించు అలాగే కనిపిస్తారు. పోలిక అక్కడితో సరి. అక్కడ అది బడిలో ఒక పాఠం. టెక్సస్ రాష్ట్రంలో దాన్ని వ్యాయామ విద్యకు బదులుగా కూడా లెక్కలోకి తీసుకుంటారు. తీసుకోక ఏం చేస్తారు! ఆగస్టు ఎండలో వాయిద్యం ఎత్తి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, వెనక్కి చూడకుండా వెనక్కి నడవాలి. మా రోజుల్లో డ్రిల్లు మాస్టారు కూడా ఇంత పెట్టలేదు.

మా మనవరాలు డాలస్ దగ్గర ఒక బడిలో చదువుతోంది, అక్కడి బ్యాండులో మెలొఫోన్ వాయిస్తుంది. ట్రంపెట్ కన్నా పెద్ద నోరున్న, అంటే శబ్దం బయటికొచ్చే గరాటు పెద్దదైన, ఇత్తడి వాయిద్యం అది. మామూలు కచేరీల్లో ఫ్రెంచ్ హార్న్ చేసే పనిని మైదానంలో ఇది చేస్తుంది. ఫ్రెంచ్ హార్న్ నోరు వాయించేవారి వెనక్కి తిరిగి ఉంటుంది కదా, నడుస్తూ వాయిస్తే శబ్దం వెనకవరసకు పోతుంది. మెలొఫోన్ నోరు ముందుకు ఉంటుంది.

లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు అన్నిటికన్నా నచ్చింది వాళ్ళ నడక. ఒక్కొక్కరికీ మైదానంలో ఒక బిందువు కేటాయిస్తారు. ఫలానా గీతకు ఎడమగా ఇన్ని అడుగులు, ముందు గీతకు వెనకగా ఇన్ని అడుగులు. 5 గజాలకు 8 అడుగులు వేయాలి, అంటే అడుగుకు 22.5 అంగుళాలు. పొడుగుకాళ్ళ వాడికీ అంతే, పొట్టివాడికీ అంతే. తాళం తప్పకుండా తర్వాతి బిందువుకు చేరుకోవాలి. గ్రాఫు కాగితం మీద నిరూపకాలు చెప్పి చెప్పి నా గొంతు పోయింది. వాటి మీద పిల్లలు పరుగెత్తుతారని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బడి ఆవరణలో ముగ్గుపొడి పోయించేవాణ్ణి. ఒకరు జ్వరంతో పడుకుంటే ఆ రోజు వరసలో అక్కడ పన్ను ఊడినట్టు కనిపిస్తుందట.

ఈ హడావిడి నవంబరుతో ముగుస్తుంది. టెక్సస్ రాష్ట్రస్థాయి పోటీ శాన్ ఆంటోనియోలోని ఆలమోడోమ్ అనే పెద్ద స్టేడియంలో జరుగుతుంది. ఆ తర్వాత యూనిఫారాలు బీరువాలకూ, మెలొఫోన్లు బడి అరలకూ చేరుతాయి. మా మనవరాలు మళ్ళీ కచేరీల ఫ్రెంచ్ హార్న్ చేతపడుతుంది. డిసెంబరు మూడో వారం దాటాక సుమారు రెండు వారాల శీతాకాలపు సెలవులు. వేసవి సెలవులు ఎలాగూ బ్యాండు శిబిరంలోకి జారిపోతాయి కనుక ఆ పిల్లలకు నిజంగా చేతికి దొరికేవి ఇవే.

అందరికీ దొరుకుతాయా అంటే అదీ లేదు. కాలిఫోర్నియాలోని పాసడీనాలో కొత్త సంవత్సరం నాడు రోజ్ పరేడ్ జరుగుతుంది. 1890లో మొదలైన ఊరేగింపు అది. జనవరి 1 ఆదివారమైతే మర్నాటికి మారుస్తారు. పూలతో కప్పిన శకటాల నడుమ దేశదేశాల బ్యాండ్లు అయిదున్నర మైళ్ళు, అంటే దాదాపు 9 కిలోమీటర్లు, వాయిస్తూ నడుస్తాయి. జపాన్ నుంచి క్యోటో తచిబానా హైస్కూలు పిల్లలు 2012లోనూ 2018లోనూ వచ్చి, నడవడం చాలదన్నట్టు గంతులేస్తూ వాయించారు. అడుగుకు 30 అంగుళాలు వేసుకున్నా ఆ దారి పొడవునా 11,600 పైచిలుకు అడుగులవుతాయి, లెక్క కట్టి చూశాను. ఆ పరేడ్‌కు ఎంపికైన బడి పిల్లలకు క్రిస్మస్ మర్నాటి నుంచే ప్రయాణాలు, అభ్యాసాలు. ఆ ఏడాది తాతగారి ఊరికి టికెట్టు కొనాలన్న మాట ఇంట్లో ఎత్తకూడదు.

మా మనవరాలి బడికి ఆ పిలుపు రాలేదు. నా స్వార్థం కొద్దీ సంతోషించాను. తెనాలి వచ్చింది, జేబులో ఫ్రెంచ్ హార్న్ మౌత్‌పీసుతో. వాయిద్యం అక్కడే ఉండిపోయింది. మౌత్‌పీసు అంటే వాయిద్యానికి తగిలించి ఊదే ముక్క. గరాటు ఆకారంలో బొటనవేలంత ఇత్తడి, పైన వెండి పూత. పొద్దున్నే పెరట్లో నిలబడి దాన్ని పెదవులకు ఆనించి ఊదేది. లావుపాటి ఈగ గాజు సీసాలో ఇరుక్కుంటే ఎలా ఉంటుందో అలాంటి చప్పుడు. మొదటిరోజు మా పనమ్మాయి మోటారు పాడైందనుకుని స్విచ్చు కట్టేసింది.

ఎందుకమ్మా, సెలవుల్లో కూడా ఇదేమిటి అని వాళ్ళ నాయనమ్మ అడిగింది. పెదవుల చుట్టూ ఉండే కండరాలు రెండు వారాలు ఊరుకుంటే సత్తువ కోల్పోతాయి నాయనమ్మా అని చెప్పింది. పైగా మెలొఫోన్ మౌత్‌పీసు వేరు, దీని అంచు సన్నం. ఇన్ని నెలలు దానికి అలవాటైన పెదవులు మళ్ళీ దీని దారికి రావాలట.

ఒక సాయంత్రం పక్కింటి సుబ్బమ్మగారు వచ్చి, ఏదైనా ఒక పాట వాయించమ్మా అన్నారు. మనవరాలు బ్యాండులో తాను వాయించే భాగమే అందుకుంది. ప్ప... ప్ప... ప్ప... అంతే. పాట ఎప్పుడు మొదలవుతుందా అని ఆవిడ చూస్తున్నారు. పిల్ల నవ్వి, నా వంతు ఇంతేనండీ అంది. మార్చ్‌లలో రాగం ట్రంపెట్లది, దెబ్బ డ్రమ్ములదీ పెద్ద బూరాలదీ. వీళ్ళది రెండు దెబ్బల నడుమ ఖాళీలో పడే స్వరం. నలుగురిలో ఉంటే బ్యాండు ఊపంతా అందులోనే ఉంటుంది, ఒక్కర్తే వాయిస్తే ఎక్కిళ్ళు వచ్చినట్టుంటుంది. నేను మంచం కోడు మీద తాళం వేశాను. నాయనమ్మ తనకు వచ్చిన భజన పాట ఒకటి ఎత్తుకుంది. ఆ రెండింటి సందుల్లో పిల్ల తన ప్ప లు వేసింది. సుబ్బమ్మగారి కాలు కదిలింది. వింతేమిటంటే భజన పాట కాస్తా పోలీసు కవాతులా తయారైంది. నాయనమ్మకు అది నచ్చలేదు, మూడో చరణంలో ఆపేసింది.

సెలవుల్లో ఆ పిల్లకు అసలు ఇబ్బంది ఎక్కడుందో నాకు అప్పుడు అర్థమైంది. ఆర్నెల్లుగా వందమందిలో ఒకరై వాయించింది. పక్కవాడి స్వరం ఆనుకోవడానికి ఉంటుంది. ఇక్కడ ఆనుకునేందుకు గోడ తప్ప ఏమీ లేదు. పైగా రాష్ట్రంలోని బడులన్నిటి నుంచీ పిల్లల్ని ఏరి కట్టే రాష్ట్ర బృందం ఒకటుంది, దాని ఎంపికల్లో ఒక మెట్టు జనవరి మొదట్లో ఉంది. ఆ బృందం ఫిబ్రవరిలో శాన్ ఆంటోనియోలోనే కచేరీ చేస్తుంది. ఎంపిక రోజున న్యాయనిర్ణేతలకూ వాయించేవారికీ మధ్య తెర కడతారు. కోటు కనపడదు, అడుగు కనపడదు, పేరు తెలియదు. స్వరం ఒక్కటే తెర దాటి వెళుతుంది. నవంబరులో స్టేడియమంతా చూసిన పిల్లను జనవరిలో ఎవరూ చూడరన్నమాట. ఈ పద్ధతి మన పరీక్షల్లో కూడా ఉంటే బాగుండునని నాకు అనిపించింది, మౌఖిక పరీక్షల్లో ముఖ్యంగా.

నాకున్న ఫిర్యాదు ఒక్కటే. వాళ్ళ బడి జనవరి మొదటి వారంలోనే తెరుస్తారు. మన సంక్రాంతి ఆ తర్వాత వస్తుంది. ఏటా అరిసెలకు పాకం పట్టే వేళకు పిల్లలు విమానంలో ఉంటారు. ఈసారి వాళ్ళ నాయనమ్మ పంచాంగాన్ని పక్కనపెట్టి డిసెంబరులోనే అరిసెలు వండింది. నూనె చేతులతో మౌత్‌పీసు ముట్టుకోవద్దని మనవరాలు, మౌత్‌పీసు ఊదిన నోటితో తినే ముందు పుక్కిలించమని నాయనమ్మ, ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారు. నేను మధ్యలో రెండు అరిసెలు తిన్నాను.

నమస్కారం.