డ్రమ్ములో ఇంతకు ముందు ఏముండేది?

(అక్వేరియం కోసం నీళ్ళు నిల్వ పెట్టుకోవడంపై ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. కాలువలు కట్టేసే రోజులు, అంటే వాటిల్లోకి నీళ్ళు ఆపేసే రోజులు, దగ్గర పడుతున్నాయి. ఊళ్ళల్లో మంచినీళ్ళ చెరువులు నింపుకుంటున్నారు, ఇళ్ళల్లో డ్రమ్ములు కడుక్కుంటున్నారు. గాజు తొట్టిలో చేపలు పెంచుకునేవాళ్ళకి ఈ రెండు నెలలూ టెన్షనే. వారం వారం నీళ్ళు మార్చాలి, ఆ నీళ్ళు ముందు రోజే ఎక్కడో పట్టి ఉంచాలి. దేంట్లో పట్టాలన్నదే ఇవాళ్టి విషయం. చాలా ఏళ్ళుగా రంగు చేపలు పెంచుతున్న మన సలహాదారు స్టూడియోలో ఉన్నారు. నమస్కారమండీ.

సలహాదారు: నమస్కారం. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట. చేపలు పోతున్నాయి, ఏ మందు వెయ్యాలి అని నన్ను రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. తొట్టి గురించి, మేత గురించి అన్నీ చెబుతారు. నీళ్ళు పట్టి ఉంచే బకెట్టు సంగతి నేను అడిగితే తప్ప చెప్పరు. చాలాసార్లు తేడా ఆ బకెట్టులోనే ఉంటుందండీ.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ భీమవరం దగ్గర నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. మాకు మూడడుగుల ట్యాంకు ఉందండి, గోల్డ్ ఫిష్‌లు. మా బావగారికి రొయ్యల చెరువులున్నాయి. గట్టు మీద నీలం డ్రమ్ములు ఖాళీగా పడుంటే ఒకటి తెచ్చుకున్నాను, 200 లీటర్లది. సర్ఫ్ వేసి మూడుసార్లు కడిగాను. వాడుకోవచ్చా?

సలహాదారు: డ్రమ్ములో ఇంతకు ముందు ఏముండేదండీ?

శ్రోత: తెలీదండి. లేబుల్ చిరిగిపోయింది. చెరువులో వేసే మందేదో.

సలహాదారు: అయితే వద్దండీ. చెరువు గట్టు మీదకి వచ్చే డ్రమ్ముల్లో బెల్లం మడ్డి ఉండొచ్చు, యాసిడ్ ఉండొచ్చు, బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటి శానిటైజర్ ఉండొచ్చు. ఎకరం చెరువుకి సరిపడే మందు అడుగున ఏ కొంచెం మిగిలినా మీ మూడడుగుల తొట్టికి చాలా ఎక్కువ.

శ్రోత: కడిగేశాను కదండీ?

సలహాదారు: ప్లాస్టిక్ గోడ కూడా పీలుస్తుందండీ. ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది చూడండి, ఎన్నిసార్లు తోమినా వాసన పోతుందా? ఇదీ అంతే. పీల్చుకున్నదాన్ని కొంచెం కొంచెంగా నీళ్ళలోకి వదులుతుంది. పైగా సర్ఫ్ అన్నారు. సబ్బు నీళ్ళు చేప మొప్పల్ని దెబ్బతీస్తాయి. చేపల బకెట్టుకి సబ్బు, సర్ఫ్, ఫినాయిల్ ఏవీ తగలకూడదు. కొత్త డ్రమ్మయినా ఉత్త నీళ్ళతో కడిగి, నిండా నీళ్ళు పోసి రెండు రోజులుంచి పారబొయ్యాలి.

శ్రోత: మరి పాత డ్రమ్ము మంచిదో కాదో తెలుసుకోవడం ఎలాగండీ?

సలహాదారు: ఒక బకెట్టు వేడినీళ్ళు పోసి మూత బిగించండి. అరగంటయ్యాక మూత తీసి దూరం నుంచే, చేత్తో విసురుకుని వాసన చూడండి. మందు వాసన గానీ సబ్బు వాసన గానీ వస్తే ఇక దాని సంగతి మర్చిపోండి. అయితే వాసన రాలేదు కాబట్టి మంచిదే అనుకోవద్దు. వాసన లేని మందులూ ఉన్నాయి. పాత డ్రమ్ము కొంటే ఇంతకు ముందు ఏం పోశారో అమ్మేవాడు చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

వ్యాఖ్యాత: కొత్తది కొనాలంటే ఎంతది కొనాలి?

సలహాదారు: లెక్క తేలికండీ. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తుకి 28 లీటర్లు. మీ ట్యాంకు మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు ఉంటుందనుకుందాం. నిండా పోస్తే 106 లీటర్లు. అడుగున గులకరాళ్ళు, పైన ఖాళీ తీసేస్తే 90 దాకా ఉంటాయి. వారానికి నాలుగో వంతు మారిస్తే 23 లీటర్లు చాలు. కానీ ఎప్పుడో ఒకసారి మేత ఎక్కువైపోతుంది, నీళ్ళు పాడవుతాయి, ఒక్కసారే సగం మార్చాల్సి వస్తుంది. ఆ రోజు కోసం 60 లీటర్లది కొనుక్కోండి. 200 లీటర్లది మీకు అక్కర్లేదు.

వ్యాఖ్యాత: ఏ ప్లాస్టిక్?

సలహాదారు: అడుగు భాగం తిప్పి చూస్తే త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 2 ఉంటే హెచ్.డి.పి.ఇ., 5 ఉంటే పాలీప్రొపిలీన్. రెండూ మంచివే. 3 ఉంటే పి.వి.సి., అది వద్దు. గ్లాసు, ఫోర్కు బొమ్మ కూడా ఉంటే తిండి పదార్థాలకి పనికొచ్చేదని అర్థం. మూతి వెడల్పుగా ఉన్నదే తీసుకోండి. పైన చిన్న బిరడా ఉండే రకంలో చెయ్యి పెట్టి కడగలేరు, గాలీ ఆడదు. మన కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కదా. చివరి ఇంటి కుళాయిలో కూడా లీటరుకి 0.2 మిల్లీగ్రాములు మిగిలుండాలని తాగునీటి ప్రమాణాలే చెబుతాయి. అది మనకి రక్ష, చేపకి మంట. వెడల్పు మూతి డ్రమ్ములో పట్టి, ఎయిర్ స్టోన్, అంటే నీళ్ళలోకి గాలి బుడగలు వదిలే రాయి, వేసి రాత్రంతా ఉంచితే పోతుంది. ఎయిర్ స్టోన్ లేకపోతే ఒకటి రెండు రోజులు ఉంచాలి. మీది భీమవరం కాబట్టి ఇంకో సంగతి. రొయ్యల హేచరీల్లో క్లోరిన్ విరగ్గొట్టడానికి వాడే సోడియం థయోసల్ఫేటే అక్వేరియం షాపుల్లో చిన్న సీసాల్లో దొరుకుతుంది. అర్జెంటుగా నీళ్ళు మార్చాల్సి వస్తే అది వాడొచ్చు.

శ్రోత: ఆయ్, అలాగేనండి. వేడినీళ్ళు పోసి చూస్తాను.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్ పాలకొల్లు వైపు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే అండి. మా అత్తయ్యగారిది పెద్ద ఇత్తడి గంగాళం ఉంది. చింతపండుతో తోమి, అందులో నీళ్ళు పట్టి, మర్నాడు తొట్టిలో పోస్తున్నాను. రెండు వారాల్లో నత్తలన్నీ చచ్చిపోయాయి, చిన్న రొయ్యలు కూడా. చేపలు మాత్రం బాగానే ఉన్నాయండి.

సలహాదారు: అమ్మా, మీరు చెప్పిన వరసలోనే కారణం ఉంది. నత్తలు, రొయ్యలు ముందు పోయి చేపలు మిగిలాయంటే నేను మొదట అనుమానించేది రాగినే. ఇత్తడంటే రాగి, జింకు కలిసిందే కదా. చింతపండుతో తోమినప్పుడు పైన పట్టిన పొర పోయి కొత్త లోహం బయటపడుతుంది. దాంట్లో రాత్రంతా నీళ్ళుంటే రాగి దిగుతుంది. మనం రాగి చెంబులో నీళ్ళు తాగుతాం, మనకేం కాదు. చేప అలా కాదు, ఇరవైనాలుగు గంటలూ ఆ నీళ్ళని మొప్పల్లోంచి పోనిస్తూనే ఉంటుంది. నత్తలకీ రొయ్యలకీ ఇంకా చాలా కొంచెం చాలు. నత్తల్ని చంపడానికి అమ్మే మందుల్లో చాలావాటిలో ఉండేది రాగేనమ్మా.

శ్రోత: అయ్యో. జింకు బకెట్టు కూడా ఉందండి, రేకుది.

సలహాదారు: అదీ వద్దమ్మా. స్టీలు బిందెలు బాగుంటాయి, ప్లాస్టిక్ టబ్బు బాగుంటుంది. గంగాళం మంచిది కాదని అత్తయ్యగారితో అనకండి, అది ఇంటికి మంచిదే. చేపల నీళ్ళకి వేరే పెట్టుకుంటున్నానని చెప్పండి. ఇప్పుడున్న నీళ్ళని రోజుకి కొంచెం చొప్పున మార్చుకుంటూ రండి. కొత్త నత్తల్ని నెల దాకా వెయ్యకండి.

వ్యాఖ్యాత: ప్రతి ఇంట్లోనూ రంగులేసిన తర్వాత మిగిలిన పెయింటు బకెట్లుంటాయి. 20 లీటర్లవి, గట్టిగా ఉంటాయి, మూత కూడా ఉంటుంది.

సలహాదారు: (కొంచెం ఆగి) నేను వాటితోనే పోగొట్టుకున్నానండీ. పెంపకం మొదలుపెట్టిన కొత్తలో పెయింటు బకెట్టు గీకి గీకి కడిగాను. అద్దంలా మెరిసింది. దాంట్లో పట్టిన నీళ్ళు గప్పీ పిల్లల తొట్టిలో పోశాను. పొద్దున్నే లేచి చూస్తే 40 పిల్లల్లో ఒక్కటీ లేదు. గోడకి బూజు పట్టకుండా పెయింటులో మందు కలుపుతారని అప్పుడు నాకు తెలియదు. ఇప్పటికీ పెయింటు బకెట్టు చూస్తే ఆ తొట్టే గుర్తొస్తుంది. దయచేసి వాడకండి. పుట్టీ డబ్బాలు కూడా.

వ్యాఖ్యాత: అమలాపురం నుంచి ఫోన్. మూడో అంతస్తు ఫ్లాటట, బాల్కనీలో 200 లీటర్ల డ్రమ్ము పెట్టొచ్చా అంటున్నారు.

సలహాదారు: 200 లీటర్లంటే 200 కిలోలు, అదంతా ఒక్కచోటే పడుతుంది. బాల్కనీ చివర పెట్టకండి. అంతకన్నా ముఖ్యం ఎండ. బాల్కనీలో మధ్యాహ్నం నీళ్ళు కాగుతాయి. తొట్టి నీళ్ళకీ కొత్త నీళ్ళకీ రెండు డిగ్రీలు మించి తేడా ఉండకూడదు. వంటింటి మూలనో మంచం కిందో పట్టేలా 25 లీటర్ల టబ్బులు రెండు తీసుకోండి. లోపలికి వెలుతురు వెళ్ళే తెల్ల ప్లాస్టిక్ అయితే నాచు పడుతుంది, నీలం గానీ నలుపు గానీ చూసుకోండి.

వ్యాఖ్యాత: మొగల్తూరు నుంచి ఒకరు చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు.

శ్రోత: నమస్కారమండి. మాది బోరు నీళ్ళు, ఉప్పదనం. కుళాయి నీళ్ళు కాలువ కట్టేస్తే సరిగ్గా రావు. తాగడానికి ప్లాంటు నుంచి ఆర్.ఓ. నీళ్ళు టిన్నుల్లో తెచ్చుకుంటాం. చేపలకీ అవే పోస్తే పోలేదా? టిన్నుల్లోనే నిల్వ పెట్టుకుంటే డ్రమ్మే అక్కర్లేదు కదా.

సలహాదారు: మంచి ప్రశ్నండీ, సముద్రం దగ్గర ఊళ్ళన్నింటిదీ ఇదే ఇబ్బంది. ఆర్.ఓ. నీళ్ళలో ఉప్పులు చాలావరకు తీసేస్తారు. క్లోరిన్ బెడద ఉండదు, నిజమే. కానీ చేపకి కొంచెం సున్నం, మెగ్నీషియం లాంటివి ఉండాలి. అవి లేని నీళ్ళలో పి.హెచ్., అంటే నీళ్ళ పులుపూ క్షారం చెప్పే కొలత, నిలవదు, మెల్లగా పడిపోతుంది. మీ బోరు నీళ్ళలో అవి కావలసినదానికన్నా ఎక్కువున్నాయి. రెండూ కలపాలి. కలపడానికే మీకు డ్రమ్ము కావాలి. టీ.డీ.ఎస్. మీటరు, అంటే నీళ్ళలో కరిగిన ఉప్పుల్ని కొలిచేది, ఉందా?

శ్రోత: ఉందండి, రొయ్యలకి నీళ్ళు చూసే అబ్బాయి దగ్గర. బోరుది 1500 దాకా చూపించింది. టిన్నుది 50.

సలహాదారు: అయితే ఒక పాలు బోరు నీళ్ళకి నాలుగు పాళ్ళు టిన్ను నీళ్ళు కలపండి. 340 దగ్గర వస్తుంది. ఏం చేపలున్నాయి?

శ్రోత: గోల్డ్ ఫిష్‌లు, మోలీలు.

సలహాదారు: సరిగ్గా సరిపోతాయి. మోలీలైతే ఇంకాస్త ఉప్పదనం ఉన్నా హాయిగా ఉంటాయి. టెట్రాలు పెంచుకుంటే మాత్రం బోరు పాలు తగ్గించాలి. 50 లీటర్ల డ్రమ్ములో 40 లీటర్ల దగ్గర లోపల గీత గియ్యండి, పెన్నుతో కాదు, మేకుతో చిన్న గాటు పెట్టండి. రెండు టిన్నులు పోస్తే గీత దగ్గరికి వస్తుంది, మిగతా పది లీటర్లు బోరు నీళ్ళు. ఎయిర్ స్టోన్ వేసి రాత్రంతా కలవనివ్వండి. ప్రతిసారీ కొలత అదే ఉండాలి. నీళ్ళు కాస్త తక్కువ రకమైనా చేప అలవాటు పడుతుంది, వారానికో రకం అయితే తట్టుకోలేదు. ఇప్పుడు ఉత్త బోరు నీళ్ళే వాడుతుంటే ఒక్కరోజులో మార్చెయ్యకండి, నెల రోజుల్లో మెల్లగా తీసుకురండి.

వ్యాఖ్యాత: ఇది ఎండాకాలం మాట. మళ్ళీ వరదలొచ్చి కాలువలో ఎర్రనీళ్ళు పారేటప్పుడు?

సలహాదారు: అప్పుడు కొన్ని ఊళ్ళల్లో కుళాయి నీళ్ళు కూడా మసకగా వస్తాయి. అందుకే డ్రమ్ముకి కుళాయి పెట్టించుకుంటే అడుగుకి ఆనించి కాదు, మూడు అంగుళాలు పైన పెట్టించండి. ఒండ్రు కిందే ఉండిపోతుంది, పైన తేట నీళ్ళే వస్తాయి. పటిక తిప్పడం మనవాళ్ళకి అలవాటు, కానీ పటిక ఎక్కువైతే నీళ్ళ పి.హెచ్. పడిపోతుంది. చేపల నీళ్ళకి వద్దు, ఒక రోజు ఎక్కువ తేరనివ్వండి. కుళాయి బిగించేటప్పుడు జిగురు రాయకండి, రబ్బరు వాషర్లు వేసి నట్టు బిగిస్తే చాలు.

వ్యాఖ్యాత: రావులపాలెం నుంచి తొమ్మిదో తరగతి చదివే బాబు. చెప్పు నాన్నా.

శ్రోత: సార్, మా నాన్న పెరట్లో కొత్త సిమెంటు తొట్టి కట్టించారు. అందులో నీళ్ళు పట్టి చేపలకి పొయ్యొచ్చా?

సలహాదారు: ఇప్పుడే వద్దు బాబూ. కొత్త సిమెంటులోంచి సున్నం దిగుతుంది, నీళ్ళ పి.హెచ్. బాగా పెరిగిపోతుంది. నిండా నీళ్ళు పోసి, మూడు నాలుగు రోజులకోసారి పారబోస్తూ నెల రోజులు నాననివ్వు. తర్వాత పి.హెచ్. చూసుకో. నీ దగ్గర గప్పీలున్నాయా?

శ్రోత: చాలా ఉన్నాయి సార్.

సలహాదారు: తొట్టి ఊరాక నాలుగు గప్పీల్ని అందులోనే వదులు. దోమ పిల్లల్ని తినేస్తాయి. మూత లేని తొట్టిలో వారం పది రోజుల్లో దోమలు తయారవుతాయి, డెంగీ దోమ పెరిగేది ఇలాంటి తేట నీళ్ళలోనే. డ్రమ్ములున్నవాళ్ళు కూడా మూతిమీద పల్చటి బట్ట కట్టుకోవాలి, గాలీ ఆడుతుంది, దోమా దూరదు.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోన్... భీమవరం నుంచి మొదట మాట్లాడినవారే మళ్ళీ చేశారు.

శ్రోత: ఆయ్, నేనేనండి. వేడినీళ్ళు పోసి మూత పెట్టాను. ఇప్పుడే తీశాను. ఘాటుగా వచ్చిందండి వాసన, కళ్ళు మండాయి.

సలహాదారు: ముందు కళ్ళు కడుక్కోండి. మూత తెరిచి బయట గాలికి పెట్టండి, పిల్లల్ని అటు వెళ్ళనివ్వకండి.

శ్రోత: అలాగేనండి. మరి దీన్నేం చెయ్యమంటారు? మా ఆవిడ గేదెలకి కుడితి పోద్దామంటోంది.

సలహాదారు: వద్దండీ, గేదెలకీ వద్దు, మొక్కలకీ వద్దు. ఆ నీళ్ళు కాలువలో కూడా పొయ్యకండి. బావగారి చెరువు గట్టుకే తిరిగి పంపించి, మందు డ్రమ్ము అని పైన పెద్ద అక్షరాలతో రాయించండి. ఇంకెవరూ ఇంటికి తెచ్చుకోకుండా ఉంటారు.

శ్రోత: రేపు పొద్దున్నే దింపేస్తానండి. ఉంటాను.