విప్పే చేతుల కోసం చేసే పెట్టె

అందరికీ నమస్కారం.

చిత్రకళ చదివే అమ్మాయి పెట్టెల గురించి, పొట్లాల గురించి మాట్లాడుతుందని తెలిసి కొందరు పెద్దలు ఆశ్చర్యపోయారు. "బొమ్మలు వేసుకోక నీకీ ప్యాకింగ్ పని ఎందుకమ్మా?" అని అడిగారు. వారిపై గౌరవంతోనే చెబుతున్నాను, చేతితో చేసే ప్యాకింగ్‌ను నేను పూర్తి స్థాయి కళగానే చూస్తున్నాను. గోడకు తగిలించిన చిత్రాన్ని కళ్లతో చూసి వెళ్లిపోతాం. పెట్టెను మాత్రం పట్టుకుంటాం, ముడి విప్పుతాం, మూత తీస్తాం. ఏ వేలు ఎక్కడ పడుతుందో, ఏది ముందు కనబడాలో, ఏది ఆగి కనబడాలో చేసినవారు ముందే ఆలోచించి ఉండాలి. నాకు ఈ పనిలో నచ్చింది అదే.

ఈ విద్యలో నా మొదటి గురువులు విజయవాడ పూల మార్కెట్‌లో ఉన్నారు. అక్కడ మల్లెమాల కట్టి ఇచ్చే తీరును దగ్గరగా నిలబడి గమనించండి. మాలను చుట్టగా చుట్టి అరటి ఆకు మధ్యలో పెడతారు. రెండు వైపులా లోపలికి మడిచి, నానబెట్టిన అరటి నారతో చుట్టి, కొసను మెలితిప్పి లోపలికి దోపుతారు. నార తడిగా ఉంటేనే వంగుతుంది. ఆకును ఈనెల వెంట మడిస్తే చక్కగా లొంగుతుంది, ఈనెలకు అడ్డంగా మడిస్తే చిట్లుతుంది. భోజనం కట్టేవారు ఆకును ముందు కాస్త సెగకు చూపించేది కూడా అందుకే. మిల్లులో తయారైన కాగితానికీ, ఆకుకు ఈనెలున్నట్టు, ఒక దిశ ఉంటుంది. పీచు యంత్రం నడిచే వైపుకే ఒరిగి ఉంటుంది కాబట్టి ఆ దిశలో మడత శుభ్రంగా వస్తుంది. చేతితో తీసిన కాగితంలో పీచు అన్ని వైపులకూ పరుచుకుంటుంది, అందువల్ల దాన్ని ఎటు మడిచినా దాదాపు ఒకేలా లొంగుతుంది. తరగతిలో ఈ సంగతి చదివాను గానీ, పూల దుకాణం ముందు నిలబడ్డాకే నా చేతికి అర్థమైంది.

ఇప్పుడు నేను చేస్తున్న పని కొండపల్లి అంబారీ ఏనుగుకు పెట్టె. కొండపల్లి మనకు దగ్గరే. ఆ బొమ్మలు తెల్ల పొణికి చెక్కతో చేస్తారని మీకు తెలుసు. ఆ చెక్క చాలా తేలిక. ఒక్కో భాగాన్ని విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. కాబట్టి పెట్టె మోయాల్సిన బరువు పెద్దగా లేదు, కాపాడాల్సింది అతుకులను. తొండం, అంబారీ, మావటివాడి చెయ్యి, ఈ మూడింటికీ ఏదీ తగలకూడదు. చుట్టూ కాగితం ముక్కలు కూరితే అవి సరిగ్గా ఆ అతుకుల మీదే ఒత్తుతాయి. అందుకే నేను ఏనుగును పాదాల దగ్గర పట్టుకున్నాను. అడుగు అట్టలో నాలుగు గుంటలు, వాటిలో బాగా ఎండిన అరటి దొప్ప మెత్తలు. కార్తికంలో కృష్ణలో దీపాలు వదిలే దొప్పే అది. ఏమాత్రం తడి ఉన్నా బూజు పడుతుంది కాబట్టి ఎండలో పూర్తిగా ఆరాకే వాడాలి. నార విప్పగానే నాలుగు గోడలూ నాలుగు వైపులకు వాలిపోతాయి. ఏనుగును బయటికి లాగే పనే లేదు, అది అప్పటికే పీఠం మీద నిలబడి ఉంటుంది.

ఈ పెట్టెలో జిగురు వాడలేదు. పుస్తకాలు బైండింగ్ చేసేవారు పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. బొమ్మ ఇంటికి వెళ్లేది పిల్లల కోసం, పిల్లలు పెట్టెను కూడా నోట్లో పెట్టుకుంటారు. అందువల్ల అట్టకు నాలుకలు, చీలికలు కోసి ఒకదానిలో ఒకటి దూర్చాను. మడత పడే చోట మొద్దు అంచున్న వెదురు పుల్లతో ముందుగా గీత నొక్కాలి, లేకపోతే దళసరి కాగితం మడత దగ్గర పొరలు లేస్తుంది.

పెడన కలంకారీ గుడ్డల మీద చెక్క అచ్చులతో అద్దే నలుపు నాకు చాలా ఇష్టం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టి ఆ రంగు తీస్తారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పడగానే నల్లబడుతుంది. దాన్ని కాగితం మీద అద్దాలని ఎంతో ఆశపడ్డాను. అయితే గుడ్డను పారే నీటిలో జాడిస్తారు, మిగులు ఇనుము పోతుంది. కాగితాన్ని అలా జాడించలేం. లోపల మిగిలిన ఇనుము ఏళ్లు గడిచేకొద్దీ పీచును తినేస్తుంది. అందుకని అచ్చును పెట్టె చుట్టూ కట్టే గుడ్డ పట్టీ మీద వేయించాను, కాగితాన్ని తెల్లగానే వదిలేశాను. అలంకారం ఎక్కడ ఆగాలో కూడా పదార్థమే చెప్పింది.

ప్లాస్టిక్ నిషేధం వచ్చింది కాబట్టి ఇప్పుడు ఈ పనికి గిరాకీ ఉంటుందని కొందరు అంటారు. 2022 జూలై 1 నుంచి కొన్ని రకాల ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను దేశమంతా నిషేధించిన మాట నిజమే. దానికీ ముందే, 2018 నాటి నిబంధనల్లో తినే వస్తువులను వార్తాపత్రికల్లో చుట్టవద్దన్నారు. ఇవి మంచి మార్పులే. అలాగని చేతి పెట్టె పనికిరాని చోట్లూ ఉన్నాయి. గుంటూరు యార్డుకు వచ్చే మిర్చి టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు, గాలి ఆడే గోనె కావాలి, హమాలీ కొంకికి తట్టుకునే కుట్టు కావాలి. అక్కడ నా మడతలకు చోటు లేదు, ఉండాలని పట్టుబట్టను కూడా.

నేను పట్టుబట్టేది మరో విషయం మీద. మా ప్రదర్శనల్లో పెట్టెలను అద్దాల వెనుక పెట్టి "తాకరాదు" అని రాస్తున్నారు. విప్పకుండా పెట్టెను అంచనా వేయడం ఎలా? మార్కులు వేసేవారు ముడి విప్పాలి, మళ్లీ కట్టాలి, కట్టడం కుదరకపోతే మార్కులు తగ్గించాలి. అలాగే మామిడి బుట్టలల్లే మేదరులను, పూలు కట్టేవారిని మా తరగతులకు పారితోషికం ఇచ్చి అధ్యాపకులుగా పిలవాలి. వారి పనితనాన్ని దూరం నుంచి పొగిడి, మెళకువలను మాత్రం మేం తీసుకుని, మా పేర్లు వేసుకోవడం న్యాయం కాదు. నా పెట్టె అడుగున అట్ట కోసిన నా పేరుతో పాటు బొమ్మ చెక్కినవారి పేరు, అచ్చు వేసినవారి పేరు రాస్తున్నాను.

ఈ సభలో బొమ్మల దుకాణాలు నడిపేవారు ఉన్నారు. మీ దగ్గర ప్రయాణంలో విరిగిన బొమ్మలుంటే పారేయకండి, మాకు ఇవ్వండి. ఎక్కడ విరిగిందో చూశాకే తరువాతి పెట్టె గీస్తాను. ఆ బల్ల మీద ఉన్న పెట్టెలన్నీ మీరు విప్పడానికే. వెళ్లేలోపు ఒక్కటైనా విప్పి, తిరిగి కట్టి, ఎక్కడ ఇబ్బంది పడ్డారో పక్కనున్న పుస్తకంలో రాయండి.