మస్టరులో మంగళవారం

శ్రోతలకు నమస్కారం.

డిగ్రీ చదివే పిల్లలు ఈ మధ్య నన్ను తరచుగా అడుగుతున్నారు. "మేడమ్, నాకు సాఫ్ట్‌వేర్ వద్దు, బ్యాంకు వద్దు. పల్లెలకు పనికొచ్చే ఉద్యోగం కావాలి. పంచాయతీలో గానీ, స్వచ్ఛంద సంస్థలో గానీ, ప్రభుత్వ పథకాల దగ్గర గానీ. ఏం చదవాలి?" అని. ఏం చదవాలి అనే అడుగుతారు. ఏం చెయ్యాలి అని అడిగినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. ఈ పది పన్నెండు నిమిషాలూ కోర్సుల పేర్లు చదువుకుంటూ పోతే మీరు రేడియో కట్టేస్తారు. కాబట్టి ఒక మంగళవారం కథ చెబుతాను.

అది 2007. బీకాం పూర్తయి ఇంట్లో ఉన్నాను. మా అమ్మకీ నాన్నకీ ఉపాధి పనుల జాబ్ కార్డు ఉండేది. ఆ పథకం దేశం మొత్తానికి మొదలైంది మా అనంతపురం జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లికి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ప్రారంభించారు. ఆ ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ ఏం చెప్పిందంటే, ఊళ్లో జరిగిన పనుల మీద గ్రామసభ సామాజిక తనిఖీ చెయ్యాలి అని. ఆ తనిఖీకి కూలీల ఇళ్లలో నాలుగు అక్షరాలు చదువుకున్న పిల్లల్ని తీసుకున్నారు. నేనూ వెళ్లాను. సొంత ఊరు తనిఖీ చెయ్యకూడదు, అది మొదటి నియమం. ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ ఇంట్లో మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టొద్దు, ఇది మా టీం లీడర్ అక్క పెట్టిన నియమం. రాత్రిళ్లు బడిలో పడుకునేవాళ్లం.

ఆ పల్లె పేరు చెప్పను. చెరువు పూడికతీత పని. మస్టరు నా చేతికొచ్చింది. మస్టరంటే హాజరు పట్టీ. 42 పేర్లు, ఆరు రోజులు, అందరూ ఆరు రోజులూ హాజరు. టేపు పట్టుకుని చెరువులోకి దిగి కొలిచాం. ఎం-బుక్కులో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, రాసిన కొలతా, మేం కొలిచిందీ సరిపోయాయి. డబ్బు పోస్టాఫీసులో పడింది, ఆ లెక్కా సరిపోయింది. బీకాం చదివిన దాన్ని కదా, కూడికలు రెండుసార్లు చూశాను. తప్పు లేదు. సాయంత్రం మా అక్కతో, "ఇక్కడ ఏం లేదక్కా, రేపు పక్కూరికి పోదాం" అన్నాను.

"కాగితం చూసినావు. మనుషులకు చదివి వినిపించినావా?" అంది అక్క.

మర్నాడు పొద్దున ఒక అవ్వ ఇంటి అరుగు మీద కూర్చుని మస్టరు పైకి చదవడం మొదలుపెట్టాను. పేరు, తేదీ, వారం. పేరు, తేదీ, వారం. అవ్వ శనక్కాయలు ఒలుస్తా వింటోంది. మంగళవారం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపింది.

"ఏ మంగళవారం పాపా?"

తేదీ చెప్పాను. ఆమెకు తేదీతో పని లేదు. వేళ్ల మీద లెక్కేసుకుంది. అమాస పోయినాక మొదటి మంగళవారమా అని అడిగింది. అవునన్నాను.

"ఆ పొద్దు మారెమ్మ జాతర గదా! మా ఇంట్లో పొట్టేలు కోసినారు. ఊరంతా గుడికాడే ఉండె. సెరువు కాడికి ఎవురు పోయిరి?"

అవ్వ మాట ఒక్కటే రాసుకుంటే సరిపోదు. జ్ఞాపకం తప్పు కావచ్చు. గుడి చందాలు వసూలు చేసిన పెద్దమనిషి దగ్గరికి పోయాం. ఆయన ఒక నోటుబుక్కు తీశాడు. ఎవరెంత ఇచ్చారు, మేళగాళ్లకెంత, టెంకాయలకెంత, అన్నీ తేదీతో సహా ఉన్నాయి. జాతర అదే మంగళవారం. సర్కారు మస్టరు కన్నా ఆ చందాల పుస్తకం శుభ్రంగా ఉందని నేను ఇప్పటికీ అంటాను.

అంటే ఆ మస్టరు చెరువు గట్టున రోజుకు రోజు రాసింది కాదు. ఎక్కడో కూర్చుని ఒక్కసారి రాసింది. అప్పుడిక 42 పేర్లూ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. 35 మంది నిజంగా పని చేశారు. ఏడుగురు ఆ చెరువు మొహం చూడలేదు. ఒకాయన బెంగుళూరులో ఉన్నాడు. ఇంకొకామెకు తన పేరు మీద పాసుబుక్కు ఉందనే తెలియదు.

మరి కొలత ఎలా సరిపోయింది? ఇక్కడే ఉంది కిటుకు. ఉపాధి పనిలో కూలి లెక్క తవ్విన మట్టిని బట్టి. కొలతకు వచ్చిన మొత్తాన్ని హాజరును బట్టి పంచుతారు. 35 మంది తవ్విన మట్టిని 42 మంది పేర్ల మీద పంచారు. మట్టి నిజమే, మొత్తం నిజమే, కూడిక నిజమే. ఏ పెద్ద ఆడిటరు వచ్చి కూర్చున్నా కాగితం మీద పట్టుకోలేడు. మనిషికి రోజుకు 80 రూపాయల లెక్కన, ఏడుగురికి ఆరు రోజులు, 3,360 రూపాయలు.

మండల కేంద్రంలో షామియానా వేసి ప్రజావేదిక పెట్టారు. అధికారులు, సర్పంచులు, కూలీలు. నా రిపోర్టు నేనే మైకులో చదవాలి. కాళ్లు వణికాయి. ఫీల్డ్ అసిస్టెంట్ లేచి, "మస్టరు ఫారాలు ఆలస్యంగా వచ్చినాయి సార్, ఒక్క రాత్రి కూర్చొని రాసినా" అన్నాడు. అందులో కొంత నిజముంది, ఫారాలు నిజంగానే ఆలస్యమయ్యాయి. ఏడు పేర్లకు మాత్రం జవాబు లేదు. అవ్వ కూడా ట్రాక్టరెక్కి వచ్చింది. మైకు ఇస్తే పట్టుకోలేదు. "జాతర నాడు సెరువులో కప్పలు తప్ప ఎవురూ లేరు" అనింది. షామియానా అంతా నవ్వు. అతను 3,360 రూపాయలూ అక్కడే కట్టాడు. రసీదు రాశారు. చప్పట్లు కొట్టారు. నేనైతే ఏదో జిల్లా గెలిచినట్టు దిగాను.

కింద అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "అయితే మా దుడ్డు మాకెప్పుడిస్తారు పాపా?"

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆ డబ్బు పోయింది 35 మంది కూలీల వాటాలోంచి. రసీదు రాసింది ప్రభుత్వ ఖాతాకు. ఎందుకంటే నా రిపోర్టులో నేను 'ఏడు పేర్లు తప్పు, 3,360 రూపాయలు రాబట్టాలి' అని రాశాను. రాబట్టి ఎవరికివ్వాలో రాయలేదు. ఆ ఒక్క వాక్యం నేను రాయలేదు. వేదిక మీద కూర్చున్న ఎవరికీ తట్టలేదు కూడా. తర్వాత అర్జీలు పెట్టాం. ఆ డబ్బు వాళ్లకు చేరలేదు.

ప్రభుత్వ విధానం, పబ్లిక్ పాలసీ అంటే ఢిల్లీలో ఏసీ గదిలో జరిగే పని అనుకుంటారు. నాకు మాత్రం అది ఆ రాయని వాక్యం. ఏ వాక్యం రాస్తే డబ్బు ఎవరి ఇంటికి చేరుతుందో తెలుసుకోవడం కోసమే నేను తర్వాత మళ్లీ చదువుకున్నాను.

ఈ సామాజిక తనిఖీ కూడా ఎవరో చదివి కనిపెట్టింది కాదు. రాజస్థాన్‌లో 1990లో పుట్టిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు ఊరి నడిమధ్యన మస్టర్లు చదివి వినిపించేవారు. ఆ సంఘాన్ని కట్టినవాళ్లలో అరుణా రాయ్ ఒకరు, ఐఏఎస్ వదిలేసి వచ్చిన మనిషి. ఆ మస్టర్ల కోసం జరిగిన పోరాటమే 2005 సమాచార హక్కు చట్టానికి ఒక పునాది. మన దగ్గర 2009లో తనిఖీల కోసం ప్రభుత్వం విడిగా ఒక సొసైటీ పెట్టింది. అలా ఇదొక ఉద్యోగమైంది.

సరే, దారులు అడిగారు కాబట్టి గబగబా చెబుతాను. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ ఉంది, అక్కడ పీజీ డిప్లొమాలున్నాయి. గుజరాత్‌లోని ఆనంద్‌లో 1979లో కురియన్ పెట్టిన ఇర్మా ఉంది, గ్రామీణ మేనేజ్‌మెంట్ నేర్పే సంస్థ. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ టిస్‌కు హైదరాబాద్‌లో క్యాంపస్ ఉంది. ఊళ్లో ఉండి చూడాలనుకుంటే స్టేట్ బ్యాంకు వాళ్ల యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ 13 నెలలు. పోటీ పరీక్షల దారి మీకు తెలిసిందే, పంచాయతీ కార్యదర్శి నుంచి గ్రూప్ వన్ దాకా. 2013 కంపెనీల చట్టం వచ్చాక ఒక స్థాయి దాటిన కంపెనీలు లాభాల సగటులో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి కాబట్టి, ఆ ఖర్చు చూసే ఉద్యోగాలూ ఉన్నాయి. స్వచ్ఛంద సంస్థల్లో జీతం మొదట్లో తక్కువ. ఇంట్లో అప్పులుంటే ఆలోచించుకుని రండి. త్యాగం అని చెప్పి పిల్లల చేత చవగ్గా పని చేయించుకునే సంస్థలంటే నాకు గిట్టదు.

ఇప్పుడు నేను కూడా ఇంటర్వ్యూల్లో కూర్చుంటున్నాను. వచ్చినవాళ్లను ఒకటి అడుగుతాను, "మీ పంచాయతీ కార్యదర్శి పేరేంటి?" కలెక్టరు పేరు టక్కున చెబుతారు. కార్యదర్శి పేరు దగ్గర పైకప్పు చూస్తారు.

అందుకని ఒక్క పని చెప్పి ముగిస్తాను. పోయిన ఏడాది మీ పంచాయతీలో జరిగిన ఒక్క పని ఎంచుకోండి. ఒక్కటే. సిమెంటు రోడ్డు గానీ, మురుగుకాలువ గానీ. తెల్ల కాగితం మీద సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయండి. ఆ పని అంచనా, ఎం-బుక్కు, బిల్లు, ఈ మూడింటి నకళ్లు ఇవ్వండి అని. 30 రోజుల్లో జవాబు రావాలి. వచ్చాక టేపు తీసుకుని ఆ రోడ్డు కొలవండి. కొలిచి ఊరుకోకండి. ఆ రోడ్డు పక్కన ఇల్లున్న ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని ఆ కాగితం పైకి చదివి వినిపించండి. ఆవిడ ఏమన్నా రాసుకోండి. తర్వాత ఒక్క పేజీ రాయండి. ఏం జరిగింది, ఎవరికి నష్టం, ఎవరు ఎవరికి ఏం ఇవ్వాలి. ఆ చివరిది మర్చిపోవద్దు. ఎవరు, ఎవరికి. తప్పేమీ దొరక్కపోతే అదే రాయండి, అది కూడా రిపోర్టే. ఏ సంస్థ ఇంటర్వ్యూకు వెళ్లినా సర్టిఫికెట్ల మీద ఆ పేజీ పెట్టండి.

ఒక చిన్న సంగతి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ గ్రామ స్థాయి కార్యాలయంలో ఈ దరఖాస్తుకు ఫీజు లేదు. మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. నకళ్లకు మాత్రం పేజీకి ఇంత అని విడిగా కట్టాలి. పంచాయతీ ఆఫీసులో ఎవరైనా దరఖాస్తుకు పది రూపాయలు అడిగితే, లేదని మర్యాదగా చెప్పి, అందినట్టు సంతకం తీసుకుని రండి.

నమస్కారం.